మసి అంటని మెట్టతామరలు

వన్‌టౌన్‌లో మా సందు చివర ఫక్రుద్దీన్ భాయ్ ఇల్లుంది చూశారా... పొద్దుగూకిందంటే అటు ముఖం తిప్పే మగాడు లేడు. గుమ్మానికి తాళం. లోపల మాత్రం గిలక కీచుమంటుంది... నూతిలో బకెట్ దిగుతుంది... నీళ్లు జల్లున పడతాయి. పాలవాడు సత్యం అయితే ఆ గోడ దాటేదాకా సైకిల్ బెల్లు ఆపకుండా కొట్టుకుంటూ పోతాడు. అడిగితే, ‘కుక్కలున్నాయండీ’ అంటాడు. ఏ కుక్కలో ఆ దేవుడికే తెలియాలి!

దెయ్యం సంగతి తర్వాత. ముందు సన్యాసమ్మ సంగతి వినండి.

ఆవిడది పక్కిల్లు. ఫక్రుద్దీన్‌ది గొడుగుల షాపు. ఆయన భార్య షహజాదికీ సన్యాసమ్మకీ మధ్య వీధివైపు పిట్టగోడ మీంచి కూరగిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. షహజాదికి మెట్టతామరలంటే ప్రాణం. ఇంటి వెనక పెరట్లో నూతి పక్కన, తూము నీళ్లు పారే చోట దుంపలు పాతి, బారెడు ఎత్తున పసుపు పూలు పూయించింది. పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గు మసి మా సందులో దేన్నీ వదలదు కదా... ఆవిడ రోజూ తడిగుడ్డ పట్టుకుని ఆ వెడల్పాటి ఆకుల్ని ఒక్కొక్కటే తుడిచేది.

“దానికేటి వదినా, ఒళ్లు తోముతున్నావా?” అని సన్యాసమ్మ నవ్వేది.

“మసి పట్టేస్తే దానికి ఊపిరాడుద్దేటే?” అనేది షహజాది.

మొన్న ఎండాకాలం ఆ నూతి గట్టు మీదే జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. ఆటో ఎక్కిస్తుంటే, అంత నొప్పిలోనూ తాళంచెవి సన్యాసమ్మ చేతిలో పెట్టింది. “నీళ్లు పొయ్యి... ఆకులు తుడు... మరిసిపోకు.”

తొలిరోజు మోకాళ్ల నొప్పి. మర్నాడు చుట్టాలు. ఆ మర్నాడు, ‘రేపు పోద్దాంలే.’ అలా రేపు రేపు అంటూనే వారం దాటిపోయింది. ఆ ఎండకి మొక్కలు మాడిపోయే ఉంటాయని, ఇక వెళ్లి చూడ్డానికి ముఖం చెల్లలేదు.

రోజూ సాయంత్రమయ్యేసరికి ఆస్పత్రి నుంచి షహజాది ఫోను. “నీళ్లు పోత్తన్నావా సన్యాసీ?”

“పోత్తన్నాను వదినా!”

“ఆకులు?”

“తుడిసేను.”

 “సరేలే...” అని పెట్టేసేది.

షహజాది ఇంకా ఆస్పత్రిలో ఉండగానే సందులో గిలక మాట పుట్టింది. సన్యాసమ్మకి దాంతో మంచి సాకు దొరికింది. అలాంటి ఇంట్లోకి ఎవరెళ్తారు?

ఒకనాడు షహజాది పోయింది. సన్యాసమ్మ ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. కానీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ ‘తుడిసేను’ గుర్తొచ్చి కంచం పక్కకి తోసేసేది.

తర్వాత వారం ఫక్రుద్దీన్ ఫోన్ చేశాడు. ఈ ఇంటి ముఖం చూడలేక ఆయన పరవాడలో కూతురి దగ్గరే ఉండిపోయాడు. “ఇయ్యాల దీపాలేళకి వత్తాను చెల్లెమ్మా. నాలుగు దుంపలు తీసుకెళ్లి మీ వదిన గోరీ పక్కన నాటాలి. అది అడిగిందదొక్కటే.”

 సన్యాసమ్మ మద్దిలపాలెం పరుగెత్తి, నర్సరీలో పూలున్న మెట్టతామరలు కొని సంచీలో పెట్టించుకుంది. ఎర్రవే దొరికాయి. పసుపో ఎరుపో మగాడికేం తెలుస్తుందిలే, మాడినవి పీకేసి ఇవి గుచ్చేస్తే సరి అనుకుంది. తప్పు కప్పెట్టడానికి ఆవిడకి తట్టిన ఉపాయం అది!

చీకటి పడుతుండగా తాళం తీసింది. కరెంటు లేదు. ఫోన్ లైటు ముందుకి పట్టుకుని, పెరట్లోకి...

అక్కడే నిలబడిపోయింది.

అరుగు మీద మసి, నూతి గట్టు మీద మసి, దండెం మీద మసి. మెట్టతామరలు మాత్రం పచ్చగా, నిండా పసుపు పూలతో ఉన్నాయి. ఒక్క ఆకు మీద నలుసు లేదు. పాదుల్లో నీళ్లు ఇంకా ఇంకలేదు. గిలక మీద తాడు... చుక్క... చుక్క...

“ఓలమ్మో!” సంచీ జారిపోయింది.

వెనక అడుగుల చప్పుడు.

“చెల్లెమ్మా...” ఫక్రుద్దీన్! ఆ ఆకుల్ని చూసి ముసలాయన భోరుమన్నాడు. “ఎంత బాగా సూసుకున్నావమ్మా! నీ రుణం ఎలా తీర్సుకోను?”

నాను కాదు అన్నయ్యా అనబోయింది. జారిన సంచీని కాలితో వెనక్కి నెట్టింది.

ఆయన కళ్లు తుడుచుకుని ఒక ఆకు మీద చెయ్యి వేశాడు. “ఒక్కటే నాకు అంతుపట్టలేదు సన్యాసమ్మా. ఎవుల్నడిగినా సెప్పలేదు.” గొంతు తగ్గించాడు. “ఆస్పత్రిలో మీ వదిన మంచం మీద పక్కకి ఒత్తిగిల్లలేని మనిషి కదా... రోజూ తెల్లారి సూస్తే దాని పది వేళ్లకీ బొగ్గు మసి! నర్సమ్మ కసురుకుంటూ కడిగేది. మంచం దిగని మనిషికి మసి ఎక్కడిదంటావ్?”

గాలి లేదు. పసుపు పూలు మెల్లగా తలాడించాయి.

మసి మరక లేని తన రెండు చేతులూ సన్యాసమ్మ గబుక్కున కొంగు కింద దాచేసుకుంది.