పసుపు లేని బొట్టు

“ఆ అమ్మాయి చీకటి పడేలోగా కెనోరాలో ఉండాలి. ప్రాణాలతో.” ఫోన్‌లో చీఫ్ కనకదుర్గ గొంతు కటువుగా ఉంది.

“ఉంటుంది మేడమ్. ఈ మెకానిక్ ఎగరనిస్తేగా!” ఏజెంట్ అనంత్ పళ్లు కొరికాడు.

విన్నిపెగ్ శివార్లలో చిన్న ఎయిర్‌ఫీల్డ్. ఎముకలు కొరికే చలి. హ్యాంగర్లో తాతల కాలం నాటి విమానం. అనంత్ వేషం, పాత విమానాల పిచ్చి ఉన్న హైదరాబాద్ బిల్డర్. లెదర్ జాకెట్, చేతికి బంగారు కడియం.

ఆ అమ్మాయి చరిత. ఖమ్మం నుంచి మాస్టర్స్‌కి వచ్చింది. ఆ ఏడాది విన్నిపెగ్‌లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. పార్ట్-టైమ్ జాబ్ అంటే చాలు, బారులు తీరేవాళ్లు. ఆ బారులోంచే ఓ విదేశీ గూఢచారి ముఠా చరితను ఏరుకుంది. డేటా ఎంట్రీ అని చెప్పి, కనాటా ఊళ్లోని టెక్ కంపెనీల్లో కొట్టేసిన టెలికాం డిజైన్లు స్కాన్ చేయించింది. సంగతి అర్థమైన రోజే చరిత పోలీసుల దగ్గరికి వెళ్లింది. ముఠా మొహాలు చూసిన సాక్షి ఆమె ఒక్కతే. కెనోరాలోని రహస్య స్థావరానికి చేరిస్తేనే ఆమెకు రక్షణ. పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో ముఠా మనుషులు కాపు కాశారు. అందుకే ఈ డొక్కు విమానం.

చదువుకోవడానికొచ్చిన పిల్లను వేటాడుతున్నారు, సిగ్గులేని వెధవలు. అనంత్‌కి ఒళ్లు మండిపోతోంది.

“బ్రేకులు మార్చాలి సర్. భుజం బెల్టులు వెయ్యాలి. రేడియో కొత్తది పెడదాం. క్యాబిన్‌లో హీటర్ కూడా,” అన్నాడు మెకానిక్ పీటర్.

అనంత్ పక్కకెళ్లి ఫోన్‌లో విరుచుకుపడ్డాడు. “వీడిని నమ్మను మేడమ్. వాడు పెట్టే ప్రతి పార్టూ బాంబు దాచడానికో సందు.”

“వద్దంటే ఆ డొక్కు గాల్లో ఏమవుతుందో తెలీదు. నువ్వే తేల్చుకో,” అని పెట్టేసింది కనకదుర్గ.

“టేక్ ఇట్, అనంత్. ఆ పాత రేడియోని నమ్మి అమ్మాయి లైఫ్ రిస్క్‌లో పెడతావా?” అంది మధుమిత. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన లోకల్ పార్ట్‌నర్. టొరంటోలో పుట్టి పెరిగింది. ఎర్ర కోటు, ఎర్రటి పెదాలు.

అనంత్ ఒప్పుకున్నాడు. కసి కొద్దీ హీటర్ మాత్రం వద్దన్నాడు. పని అయ్యేదాకా పీటర్ నెత్తిన కూర్చున్నాడు.

ముఠా కళ్లు కప్పడానికి చరిత కాఫీ షాప్ యూనిఫారంలో వచ్చింది. విమానాన్ని ఎగాదిగా చూసి బ్యాగ్‌లోంచి పొట్లాలు తీసింది.

“కొత్త సామాన్లు ఏసిండ్రు కదన్నా. సైకిల్ కొన్నా పూజ చేస్తం, ఇది గాల్లకు పోయేది.”

బ్రేకులకు, బెల్టులకు, రేడియోకు తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. పీటర్ టోపీ తీసి నిలబడ్డాడు.

“మీరంతా వెళ్లి కాఫీ తాగండి. నేను కాపలా ఉంటా,” అంది మధుమిత.

కాఫీ తాగొచ్చి చరితతో విమానం ఎక్కి, తనే పైలట్ సీట్లో కూర్చున్నాడు అనంత్. దూరంగా కార్లోంచి మధుమిత చెయ్యి ఊపింది. విమానం రన్‌వే చివరకు చేరింది. అనంత్ వేలు రేడియో స్విచ్ మీదకు వెళ్లింది.

“ఆగన్నా! ఈ బొట్టు నేను పెట్టలే. పసుపేది?”

అనంత్ వేలు ఆగిపోయింది. బొట్టు నిగనిగలాడుతోంది. గోరుతో గీరితే జిగురుగా అంటింది. లిప్‌స్టిక్! టార్చ్ వేసి రేడియో వెనక్కి చూశాడు. స్విచ్ తీగలు నేరుగా ఒక పేలుడు పదార్థపు ముద్దలోకి దిగుతున్నాయి. కాపలా పేరుతో రేడియో పెట్టె మార్చేసి, బొట్టు మళ్లీ దిద్దింది మధుమిత.

“పక్కనే ఉండి గొంతు కోస్తుందా!” అంటూ అనంత్ విమానాన్ని వెనక్కి తిప్పాడు. అది చూసి మధుమిత కారు ఎయిర్‌ఫీల్డ్ గేటు వైపు దూకింది. అతను గేటుకి అడ్డంగా దూసుకెళ్లి బ్రేకులు తొక్కాడు. మంచు మీద కూడా పట్టాయి. చరిత ముందుకు విసురుగా ఊగింది, బెల్టు ఆపింది. కారు జారి మంచుగుట్టలో కూరుకుపోయింది.

బేడీలు పడ్డాక మధుమిత అడిగింది. “హౌ డిడ్ యూ నో?”

చరిత వణుకుతూ దిగింది. చలికి కాదు, కోపంతో. “మమ్మల్ని సంపనీకి ఇన్ని నేర్చుకున్నవ్. బొట్టు కింద పసుపుంటదని నేర్చుకోలేదా అక్కా?”

పీటర్ రొప్పుతూ వచ్చాడు. “బ్రేకులు ఎలా ఉన్నాయి సర్?”

ఇందాకటి నుంచీ తిట్టిన తిట్లన్నీ అనంత్‌కి గుర్తొచ్చాయి.

“బాగున్నాయి. బాంబ్ స్క్వాడ్ వెళ్లగానే పాత రేడియో పెట్టెయ్,” అని గొంతు సవరించుకున్నాడు. “ఆ హీటర్ కూడా.”