అమ్మకిచ్చిన వాటా

"ఇదిగోనమ్మా, ఇదే. ఆఫ్‌లో ఉంది," అన్నాడు డాక్టర్ సోమయాజి, చేతిలోని తెర పలక మీద వకుళ చిప్ సెట్టింగులు తెరిచి చూపిస్తూ.

కాకినాడలో అప్పటికి ఇళ్ళకొచ్చి చిప్పులు చూసే డాక్టర్లు వీధికొకరు. మనిషి ఆలోచన సగం తలలో, సగం చెవి వెనక చిప్‌లో నడిచే కాలం. ఆ చిప్ నిద్రలేస్తూనే ముందుగా చదువుకునేది ఫర్మ్‌వేర్. అందులో వర్చువలైజేషన్ అని ఓ మీట. అది ఆన్ చేస్తే ఒక యంత్రం లోపల రెండోది నడుస్తుంది. ఆ లోపలిదాన్ని గెస్ట్ అంటారు. తాను గెస్ట్‌నని దానికే తెలీదు.

వరూధిని అక్క, వకుళ చెల్లెలు. కేదారేశ్వర నోము కథ వాళ్ళింటి వరసలో చెప్పగలిగింది అమ్మ ఒక్కతే. ఆవిడ పోయేముందు మనసును కాపీ తీయించారు. వరూధినిది పాత చిప్, పనికిరాలేదు. కథ విని అక్షింతలు వేసుకుంటే గాని నోము దక్కదని, ఆ కాపీని తన చిప్‌లో గెస్ట్‌గా నడపడానికి వకుళ ఒప్పుకుంది.

"మీ చిప్ మెమరీలో పావు వంతు అమ్మగారికి ఇస్తాను," అన్నాడు డాక్టర్.

"అమ్మకి పావు వడ్డించడమేంటండీ!" నవ్వింది వకుళ. "ముందు ఆవిడకి నిండుగా పెట్టండి. మిగిలింది నాకు చాలు. మా ఇంట్లో ఎప్పుడూ అంతే."

"ఇది అన్నం కాదమ్మా. మీకు మరీ తగ్గితే ఆపమని చెప్పే ఓపిక కూడా ఉండదు."

"కథయ్యేదాకానేగా," అంది వరూధిని.

వకుళ వేలిముద్ర వేసింది. చిప్ ఆగి, మళ్ళీ లేచింది.

"ఏమే వరూ, జుట్టు అలా పీచులా వదిలేశావేం?"

నోరు వకుళదే. మాట అమ్మది. వరూధిని ఆ ఒళ్ళో తలపెట్టి భోరుమంది. కథ సాంతం నడిచింది. మూసిన తలుపు వెనక నుంచి విన్నట్టు వకుళ అంతా వింది. అక్షింతలు నెత్తిన పడ్డాయి.

"చిన్నదేదే? కథకి రాలేదా?"

నేనిక్కడే ఉన్నానమ్మా, అంది వకుళ. పెదవులు కదల్లేదు.

డాక్టర్ పలక చూసుకున్నాడు. వరూధిని దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "వకుళ గారు పలకడం లేదు. తోడబుట్టినవారు మీరు సరేనంటే నేనే ఆపేస్తాను."

"ఆపితే అమ్మ?"

"ఒకసారి ఆగిన కాపీ మళ్ళీ లేవదమ్మా."

అమ్మ అప్పటికే దువ్వెన తీసుకుని, వరూధిని జుట్టు చిక్కు తీస్తోంది. ఆ వేళ్ళకి వరూధిని కళ్ళు మూతలు పడ్డాయి.

"ఈ కార్తీకం వెళ్ళనివ్వండి, డాక్టర్ గారూ."

"అన్నాళ్ళా? అప్పటికి ఆ కాస్త చోటూ గెస్టే తీసేసుకుంటుంది. మీ చెల్లెలు మిగలదు!"

"ఎవరే ఆయన, ఏమిటంటాడు?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా." వరూధిని డాక్టర్ వైపు తిరగకుండానే మెల్లగా అంది, "మా వకుళ ఏమీ అనుకోదండీ. చిన్నప్పట్నుంచీ ఏదడిగినా కాదనలేదు."

లోపల వకుళ కాదంటూనే ఉంది.