ప్లేటు అయిపోయేదాకా

సీడీలో మోగుతున్నది నాయనమ్మ గ్రామఫోన్ ప్లేటు కాదు!

మొదటి తీగ పలకగానే కృపకు తెలిసిపోయింది. అది చెల్లో, వయొలిన్‌కు పెద్దన్నలాంటి వాద్యం. పుట్టినప్పటి నుంచి ఇంట్లో విన్న పాట బరువుగా, నిదానంగా, వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచేది. ఇదేమో బస్సు అందదన్నట్టు పరుగెత్తుతోంది. చెల్లో గొంతు కూడా సన్నబడింది.

"మా ప్లేటు మార్చేసిన్రు," అంది.

సూర్యాపేట బస్టాండ్ వెనక స్టూడియోలో కంప్యూటర్ ముందున్న గోవర్ధన్ కుర్చీతో సహా ఇటు తిరిగాడు. పెళ్లి వీడియోలను డీవీడీలుగా, పాత క్యాసెట్లను సీడీలుగా మార్చడం అతని పని. తండ్రి వీరయ్య మైక్ సెట్ నడిపిన రోజుల నాటి రికార్డు ప్లేయర్ ఇంకా తిరుగుతోంది. గ్రామఫోన్ ప్లేట్లు మోగించే మిషన్ ఆ చుట్టుపక్కల మరెక్కడా లేదనే కృప అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"మార్చుడేంది టీచరమ్మా? లేబుల్ సూడు. లండన్ అని ఉన్నదా లేదా?"

"లేబుల్ అంటించుడు మీకో పెద్ద పనా? రోజుకు వంద సీడీలకు అంటిస్తరు గద!"

"అరె, దొంగను చేస్తున్నవ్ నన్ను!"

"మరి ఒక్క ప్లేటుకు నెల రోజులు తిప్పుకున్నరెందుకు? ఒకసారి సూది లేదన్నరు, ఒకసారి కరెంటు లేదన్నరు..."

నిజానికి గోవర్ధన్ దగ్గర సూది ఉంది. కరెంటూ ఉంది. ఆమె ఇంకోసారి వస్తుందని వాయిదా వేశాడు. ఆ మాట ఇప్పుడెలా చెప్తాడు?

చెప్పలేనివాడు చెప్పకూడనిది అన్నాడు. "మిషన్ తప్పు చెప్పది. మీ నాయనమ్మ చెవులే తప్పు."

కృప ప్లేటునూ సీడీనీ సంచిలో పెట్టుకుంది. బయట వాన. గొడుగు కూడా విప్పకుండా వెళ్లిపోయింది.

అది 2008 వానకాలం.

మిర్యాలగూడలో కృప నాయనమ్మ ఏసమ్మ చిన్నప్పుడు ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ ఇంట్లో పని చేసేది. డాక్టరమ్మ తన దేశానికి వెళ్లిపోతూ గ్రామఫోన్ పెట్టెనూ ఈ ఒక్క ప్లేటునూ ఆమె చేతిలో పెట్టింది. మొన్న ఈస్టర్ నాడు పెట్టెలో స్ప్రింగు తెగింది. అప్పటి నుంచి సాయంత్రమైతే ఏసమ్మ ఆ పెట్టె పక్కన కూర్చుని, మూత మీద చెయ్యి వేసి ఊరుకునేది. అది చూడలేక, పాట మళ్లీ వినిపిస్తానని కృప మాటిచ్చింది.

ఆ మాట పోయింది. గోవర్ధనూ దూరమయ్యాడు.

కృప కోదాడలో టీచరు. శనివారం మిర్యాలగూడలో ఇంటికి పోవడానికి హుజూర్‌నగర్ మీదుగా అయితే దగ్గర. అయినా ఆ నెలంతా సూర్యాపేట మీదుగానే వెళ్లింది. "చుట్టు తిరిగి పోతావేంటమ్మా, సూర్యాపేటలో చుట్టాలున్నారా?" అని తోటి టీచరు అనురాధ ఆటపట్టించేది.

ఇప్పుడు మళ్లీ హుజూర్‌నగర్ బస్సే. చుట్టాలేమయ్యారని అనురాధ అడగలేదు, కృప ముఖం చూసి.

సాయంత్రాల్లో గోవర్ధన్ నుంచి మిస్డ్ కాల్ వచ్చేది. కృప తిరిగి చేసేది కాదు. ఒకరోజు అది రావడం ఆగిపోయింది. ఆ రాత్రి తన ఫోన్ చెడిపోయిందేమోనని కృప అనురాధ ఫోన్‌తో తనకు తానే కాల్ చేసి చూసుకుంది. బాగానే మోగింది.

సూర్యాపేటలో గోవర్ధన్ పరిస్థితి అంతకంటే బాగా లేదు. ఆ పాట కంప్యూటర్‌లో మిగిలిపోయింది. పెళ్లి వీడియోలు ఆపి అదే వినేవాడు. నెట్ సెంటర్‌కు పోయి వెతికాడు. ఆ ప్లేటు చేసిన రోజుల్లో ఇంగ్లండ్‌లో చెల్లో వాయించేవాళ్లు ఒక స్వరం మీద నుంచి ఇంకోదాని మీదికి వేలు ఎత్తకుండా జారిపోయేవారట. గురువు దగ్గర శిష్యుడికి ఆ జారుడు వచ్చేది. తర్వాతి వాళ్లు పాత పద్ధతని దాన్ని తగ్గించుకున్నారు. ఇప్పుడా వేళ్లు ఎలా జారాయో తెలియాలంటే ఇలాంటి ప్లేట్లే దిక్కు.

ఆ జారుడును అతను ముందే విన్నాడు. ఎక్కడ?

గుర్తొచ్చింది. గొడవకు ముందు ఒకరోజు, వాన తగ్గేదాకా అని కృప స్టూడియో గడపలో నిలబడి కూనిరాగం తీసింది. అచ్చం అలాగే, ఒక స్వరం చెయ్యి వదలకుండా ఇంకో స్వరాన్ని అందుకుంటూ. అయితే నిదానంగా, కింది గొంతులో.

గోవర్ధన్ కంప్యూటర్‌లో పాట వేగం తగ్గించాడు. వేగంతో పాటు గొంతూ కిందికి దిగింది. ఇంకొంచెం. ఇంకొంచెం.

గడపలో కృప నిలబడ్డట్టే అనిపించింది.

ప్లేటు మారలేదు. ప్లేయర్ తప్పు చెప్పలేదు, నాయనమ్మ చెవులూ తప్పు కాదు. ఆ ఇంట్లో గ్రామఫోనే మొదటి నుంచి మెల్లగా తిరిగింది!

ఆదివారం మధ్యాహ్నం మిర్యాలగూడలో కృప వాళ్ల ఇంటి తలుపు కొట్టాడు. తీసింది కృప తండ్రి దానియేలు సారు.

"నువ్వేనా సూర్యాపేట స్టూడియో? ఇంక ఏం మిగిలిందని వచ్చినవ్?"

"సార్, ఒక్కసారి గ్రామఫోన్ సూపియ్యండి. నేను దొంగనైతే మీరే పోలీసులకు ఫోన్ చెయ్యండి."

లోపల కృప గుమ్మం పట్టుకుని నిలబడింది.

దానియేలు దారిచ్చాడు. గోవర్ధన్ లోపలికి వచ్చి పెట్టె మూత ఎత్తాడు. ప్లేటు తిరిగే చక్రం పక్కన వేగం మార్చే చిన్న మర ఉంది. దానికి ఒకవైపు స్పీడు, ఒకవైపు స్లో. మర స్లో వైపు చివరిదాకా తిరిగి ఉంది. పైన పసుపుపచ్చగా ఏదో గడ్డకట్టింది. గోటితో గీరాడు.

"కొవ్వొత్తి మైనం," అన్నాడు. "ఇది దానంతటది తిరగలే సార్. ఎవరో కావాలని తిప్పిన్రు. మళ్ల ఎవరూ కదిలియ్యకుండ మైనం పోసిన్రు."

"నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది అట్లనే మోగుతది. దాన్ని ముట్టే ధైర్యం ఈ ఇంట్ల ఎవరికుంది?" అన్నాడు దానియేలు.

"గందుకే ఇంకో సీడీ చేసిన. మీరు విన్నంత మెల్లగ. వినిపిస్త, పోత."

కృప మొదటిసారి నోరు విప్పింది. "ఎంత మెల్లగనో మీకెట్ల తెలుసు?"

"మీరు వానల పాడిన్రు గద. గది పట్టుకొని తగ్గించిన."

కృప గుమ్మాన్ని వదిలి కొంగు పట్టుకుంది.

కూతురి ముఖం, ఆ పిల్లవాడి ముఖం మార్చి మార్చి చూసిన దానియేలుకు సంగతి అర్థమైంది. గొంతు గట్టి చేసుకున్నాడు. "సరే. పాట అయిపోయేదాక కూసో. అయిపోంగనే లేచి పో."

మూల మంచం మీద ఏసమ్మ తల ఎత్తి కొడుకును వింతగా చూసింది.

గోవర్ధన్ తెచ్చిన సీడీ ప్లేయర్‌లో పాట మొదలైంది. చెల్లో నిదానంగా, బరువుగా జారుకుంటూ గదంతా నిండింది. ఏసమ్మ పెదవులు కదిలాయి. కృప, గోవర్ధన్ ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. చివర్లో ఓడిపోయారు.

పాట ఆగింది. గోవర్ధన్ లేవలేదు. దానియేలు గొంతు సవరించుకున్నాడు.

"ఆగు బిడ్డా," అంది ఏసమ్మ కొడుకుతో. "ఆ మర తిప్పింది నేనే. పిలగాన్ని దొంగంటిరి, దొంగను నేను. మీ నాయన లాజరు పాట వింటనని మా ఇంటికి వచ్చేటోడు దానియేలూ. పాట కోసం కాదని మా నాయనకు తెలుసు. కట్టె పట్టుకొని వాకిట్ల కూసునేటోడు. 'ప్లేటు అయిపోయేదాక కూసో, అయిపోంగనే లేచి పో' అనేటోడు. నువ్వు గిప్పుడన్నవ్ సూడు, అచ్చం గట్లనే. ప్లేటు ఎంతసేపురా? మాట మొదలుపెట్టే లోపల ఖతం. ఒకనాడు మర జరంత తిప్పిన. లాజరు ఇంకో రెండు మాటలు మాట్లాడిండు. మర్నాడు ఇంకింత తిప్పిన. ఇగ తిరగది అన్నదాక తిప్పి, మా నాయన కంటవడొద్దని మైనం పోసిన. పెండ్లయినంక సక్కగ చేద్దామనుకున్న గని, గా పాట గట్లనే ఉంటదని ఆయన మురిసిపోతుండె. సచ్చేదాక చెప్పలే. దానియేలూ, ఆ పిలగాన్ని లేపకు. మళ్ల మర తిప్పే ఓపిక నాకు లేదు."