పిట్ట ముట్టేదాకా

చనిపోయిన రెండో రోజు పొద్దున క్రాంతి మెయిల్ పంపాడు.

'ఫైనల్ ప్యాచ్ రేపు మధ్యాహ్నం పన్నెండు లోపల పంపుతాను. ఆలస్యానికి మన్నించండి.' కింద పేరు, ఎప్పటిలాగే.

జగిత్యాలలో ఒక మామిడికాయల గోదాము వెనక గది. ఏజెంట్ గోవర్ధన్ ఆ రెండు వాక్యాలను మళ్లీ మళ్లీ చదివాడు. ఎదురుగా చీఫ్ లక్ష్మీరాజం. ఊరికి ఆయన కాయల వ్యాపారి. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు స్టేషన్ హెడ్.

"కోరుట్ల రోడ్డు మీద లారీ గుద్దింది. స్పాట్ డెడ్. నేనే పోయి చూసిన," అన్నాడు లక్ష్మీరాజం. "మరి గీ మెయిల్ పంపిందెవలు?"

"హెరన్."

హెరన్ విదేశీ గూఢచారి ముఠా. క్రాంతి పాస్‌వర్డ్ కొట్టేసింది వాళ్లే. యాక్సిడెంట్ జరిగిన చోట అతని లాప్‌టాప్ మాయం చేసిందీ వాళ్లే.

"బూట్‌లోడర్ తెల్సు గదా?" అడిగాడు చీఫ్.

"కంప్యూటర్ ఆన్ చేస్తే అన్నిట్కన్న ముందు లేచేది."

"మన సబ్‌స్టేషన్లల్ల సగం మిషన్లు ఒకటే బూట్‌లోడర్‌తోని లేస్తయి. ఓపెన్ సోర్స్, కోడ్ ఎవలైనా చూడొచ్చు. క్రాంతి దానికి సెక్యూరిటీ చిప్ సపోర్ట్ కోడ్ రాసిండు, గదే ప్యాచ్. లేచేటప్పుడు చదివే ప్రతి ఫైలునూ చిప్ కొలుస్తది. రవ్వంత మారినా నోరు విప్పది. హెరన్ గాళ్లు గా ప్యాచ్‌ల దొంగ దర్వాజ పెట్టి, క్రాంతి సంతకంతోనే ప్రాజెక్టు పెద్దోళ్లకు పంపాలని చూస్తున్నరు."

"సంతకం వాళ్ల చేతికి చిక్కిందా?"

"లాప్‌టాప్ చిక్కింది. సంతకం చేసే కీ దాని చిప్‌లనే ఉంది. క్రాంతి సొంత పెన్‌డ్రైవ్ పెట్టి లేపితేనే ఇస్తది. మూడుసార్లు తప్పితే కీని చిప్పే చెరిపేస్తది, గట్ల పెట్టుకున్నడు. పెన్‌డ్రైవేమో సిరిసిల్లల, ఇంటోళ్ల దగ్గర ఉంది."

"వాళ్లకు దొరికితే?"

"ఒక్క రాత్రి సగం దేశం చీకటి. తెల్లారి ద్రోహి ఎవలు? క్రాంతి. పెండ్లాం, బిడ్డ గా పేరు మోసుకుంట బతకాలె."

గోవర్ధన్‌కు కరెంటు కన్నా ఆ చివరి మాటే గుండెలో దిగబడింది.

"స్వర్ణలత కోరుట్లల కలుస్తది. హెరన్‌ల ఉంటూ మనకు పనిచేస్తది," అన్నాడు చీఫ్.

మర్నాడు కోరుట్ల బస్టాండు బయట నల్ల కారు ఆగింది. అద్దం దిగింది. చలువ కళ్లద్దాలు, తెల్ల పట్టు చీర, చల్లని సెంటు వాసన.

"కాయలు దిగినయా?" గుర్తుమాట అడిగాడు గోవర్ధన్.

"ఇంకా పూతలోనే ఉన్నాయి," నవ్వింది స్వర్ణలత.

దుబాయి నుంచి వచ్చిన క్రాంతి దోస్తు వేషంలో ఉన్నాడు గోవర్ధన్. మెరిసే గడియారం, అందులో కెమెరా. దారి పొడుగునా ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏజెంట్లు అడుగుతారు. అది అతనికి నచ్చలేదు.

సిరిసిల్లలో క్రాంతి వాళ్ల వాడలో సాంచెల చప్పుడు పగలూ రాత్రీ ఆగదు. ఆ రోజు ఆగింది. మరమగ్గాలన్నీ దారాలు బిగబట్టుకుని నిలబడ్డాయి. ఆ నిశ్శబ్దంలో నడుస్తుంటే వెనక ఎవరో వస్తున్నట్టే ఉంది. గోవర్ధన్ రెండుసార్లు తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

ఇంటోళ్లంతా మానేరు ఒడ్డున ఉన్నారు. మూడో రోజు, పిట్టకు పెట్టుడు. పోయినవాడికి ఇష్టమైనవి పెడతారు, అతని మనసులో కొదవ లేకపోతేనే కాకి ముడుతుంది. క్రాంతి తల్లి కనకవ్వ ఆకులో అన్నం, మటన్ కూర పెట్టింది. తమ్ముడు చందు కల్లు సీసా పెట్టాడు. భార్య వందన కొంగు ముడి విప్పి, ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవ్ తీసి కూర పక్కన పెట్టింది.

"ఇది లేకుంటే ఆయనకు తోచది," అంది. "దీన్ని పెట్టి కంప్యూటర్ లేపితే ముందుగాల తెర మీద బిడ్డ ఫొటో వచ్చేది. నిన్న చందు కంప్యూటర్ల తీసేసి, ఆయన ఫొటో పెట్టిన. ఎప్పుడు తెరిచినా ఆయనే అగుపడాలె అని."

స్వర్ణలత చెయ్యి అప్పటికే ఆకు మీదికి పోయింది. కనకవ్వ ఆ చేతిని ఒక్కటి కొట్టింది.

"పిట్ట ముట్టకముందు ఎవ్వలు ముట్టద్దు!"

అంతే. రెండు గూఢచారి సంస్థలు ఒక ముసలమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

కాకులు చెట్ల మీదే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

"కొడుకా, నీ బిడ్డను నేను సాదుకుంట. రా నాయినా," పిలిచింది కనకవ్వ.

"అన్నా, నీ సాంచెలు అమ్మనియ్య," అన్నాడు చందు.

దిగలేదు. వందన పెదవులు కదులుతున్నాయి. పన్నెండు దగ్గర పడుతోంది.

అప్పుడు ఒక నల్ల పిట్ట సూటిగా దిగింది. కూర ముట్టలేదు. పెన్‌డ్రైవ్ దారం పట్టుకుని లేచిపోయింది.

"చూసిండ్రా! గదే తీస్కపోయిండు నా కొడుకు!" భోరుమంది కనకవ్వ. అందరూ దండం పెట్టారు. గోవర్ధన్ ఒళ్లు గగుర్పొడిచింది.

మరుక్షణం అనుమానం వచ్చింది. మటన్ వదిలేసే కాకి ఎక్కడుంది? ఎగురుతుంటే ఆ సన్నటి మోత ఏమిటి?

పక్కన స్వర్ణలత లేదు.

పరుగెత్తాడు. కట్ట మీద కారు. బానెట్ మీద డ్రోన్ కాకి రెక్కలు ముడుచుకుని ఉంది. వెనక సీట్లో ఆమె ఒళ్లో క్రాంతి లాప్‌టాప్. గోవర్ధన్ డోరు లాగేసరికి ఆమె చేతిలోని పెన్ను క్లిక్‌మంది. తొడలో సూది దిగింది. కాళ్లు చచ్చుబడి కింద కూలాడు.

"సారీ గోవర్ధన్. హెరన్ ఎక్కువ ఇస్తుంది."

పెన్‌డ్రైవ్ పెట్టింది. స్క్రీన్ వెలిగింది.

క్రాంతి.

బంతిపూల దండలోంచి ఆమెనే చూస్తూ నవ్వుతున్నాడు. కింద ఎర్ర అక్షరాలు: 'కొలత తప్పింది. కీ ఇవ్వబడదు.'

ఆమె మొహం పాలిపోయింది. "నువ్వు చచ్చావు... కోరుట్ల రోడ్డు మీద దగ్గరుండి చూశాను."

మళ్లీ ఆన్ చేసింది. మళ్లీ క్రాంతి. అదే నవ్వు. మూడోసారి నొక్కింది. మళ్లీ అతనే.

'కీ చెరిపివేయబడింది.'

స్వర్ణలత కెవ్వుమని లాప్‌టాప్ విసిరేసింది. గోవర్ధన్ పాకుతూ వచ్చి ఆమె మణికట్టును సీటు కడ్డీకి బేడీతో బిగించాడు. గడియారంలో పన్నెండయింది. దొంగ ప్యాచ్ సంతకం లేకుండా మిగిలిపోయింది.

తిమ్మిరి దిగాక, కుంటుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. ఇంటోళ్లు స్నానానికి నీళ్లలోకి దిగారు. ఆకు అలాగే ఉంది. పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్ నుంచి తీసి తెచ్చి, దాని చోట పెట్టాడు. చుట్టూ చూసి, సిగ్గుపడుతూనే, గొంతు తగ్గించాడు.

"క్రాంతీ, నీ అసలు ప్యాచ్ అందరి ముందట్నే ఉంది. ప్రాజెక్టు పెద్దోళ్లు లైను లైను చదివి నీ పేరు మీదనే వేస్తరు. నీ పేరు చెడనియ్య."

చెట్టు మీంచి ఒక కాకి దిగింది. పెన్‌డ్రైవ్ వైపు చూడనైనా చూడలేదు. గోవర్ధన్ కళ్లు చెమర్చాయి.

ఫోన్ మోగింది. చీఫ్.

"చిప్ ఎందుకు ఒప్పుకోలే?"

"లేచేటప్పుడు చదివే ఫొటో మారింది సార్. భార్య పెట్టుకుంది."

"రిపోర్టుల ఎవలు ఆపిండ్రని రాయాలె?"

"క్రాంతి అని రాయండ్రి."

"చచ్చినోడా? సాక్షి ఉన్నడా?"

"ఉన్నడు సార్. మటన్ తింటున్నడు."