సలోమి ముక్కుపుడక

చెప్పుకుంటే చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోవాలి. ఉప్పుమెరకలో సలోమి అనే ఆవిడ తోడికోడలి మీద అనుమానం తేల్చుకుందామని ముక్కుకి పుడక పెట్టుకుంది. అంతే కథ. కాకపోతే ఉప్పుమెరకలో ఏదీ నేరుగా నడవదు. ఊరి రోడ్డు కూడా కాలవగట్టు వెంటే పోవాల్సింది, ప్రెసిడెంటు బావమరిది చేపలచెరువు అడ్డొచ్చేసరికి వంగి దణ్ణం పెట్టి పక్కకి తిరిగింది.

అప్పటికి సముద్రం డెల్టాలోకి చాలా దూరం వచ్చేసింది. కాలవల్లో నీళ్ళు ఉప్పెక్కి వరి పోయింది. శాస్త్రవేత్తలు ఉప్పునేలలో, ఉక్కపోతలో కూడా పండే గోధుమ వంగడం ఒకటి తయారుచేసి ఇచ్చారు. “మేం గోధుమ తింటామా, మాకేమన్నా జ్వరమా?” అన్నవాళ్ళే ఆ తర్వాత పూటకో దొంతర చపాతీలు లాగించి, చెయ్యి కడుక్కుంటూ “అన్నం తిన్నామండి” అనేవాళ్ళు. కంచం మారింది గానీ మాట మారలేదు. జంతికల్లో గోధుమ, పుణుకుల్లో గోధుమ. బియ్యాన్ని కిరాణాకొట్లో మందులాగా పొట్లాల్లో అమ్మేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సలోమికి గోధుమ పడదని తేలింది. ఊరంతా ఒక దారిన పోతుంటే తను ఎదురెళ్ళడం సలోమికి అలవాటే, కానీ ఈసారి అది ఆవిడ కోరుకున్నది కాదు. జబ్బు పేరు సీలియాక్. కొత్తగా గోధుమకి మారిన ఊళ్ళలో ఈ జబ్బు మీద పరిశోధన చెయ్యడానికి డాక్టర్ ఇందుమతి అనే శాస్త్రవేత్త విశాఖపట్నం నుంచి వచ్చి పంచాయతీ ఆఫీసు పైగదిలో దిగింది. ఆవిడ సలోమి ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుంది.

“గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే జిగురు ప్రోటీన్, సలోమి గారూ. పిండి కలిపితే సాగుతుంది చూడండి, అది దానివల్లే. చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. మీ ఒంట్లో మాత్రం కాపలావాళ్ళు దాన్ని చూసి దొంగ వచ్చాడనుకుంటున్నారు. దొంగని కొట్టబోయి ఇంటి గోడ పడగొడుతున్నారు. గోడంటే మీ చిన్నపేగు.”

“ఎంత తింటే పడగొడతారండి?”

“రవ్వంత చాలు. ఒక్కోసారి కంటికి ఆననంత.”

సలోమి వంటింటి వైపు చూసింది. అక్కడ తోడికోడలు రూతమ్మ పప్పుకి తాలింపు పెడుతోంది.

“అంటే కంటికి కనబడకుండా పెట్టొచ్చన్నమాట” అంది సలోమి.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. సలోమికి కాళ్ళలో సత్తువ పోయాక వంటంతా చిన్నకోడలు రూతమ్మే. సలోమి భర్త దావీదు మంచివాడు. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళ అభిప్రాయమే ఆయన అభిప్రాయం.

డాక్టరమ్మ తెచ్చిన యంత్రం ముక్కుపుడక. చూడ్డానికి పచ్చరాయి పొదిగిన మామూలు పుడకే. రాయి కింద ఒక సన్నటి పొర ఉంటుంది. ఆ పొర మీద, తాళంచెవి కోసం కాచుకున్న తాళాల్లాగా, గ్లూటెన్ మాత్రమే అతుక్కునే అణువులు ఉంటాయి. ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడు ఆవిరితోనో పొడితోనో నాలుగు నలుసులు లేస్తాయి కదా, ఊపిరితో అవి పొరని తాకుతాయి. గ్లూటెన్ ఉంటే రాయి ఎర్రబడి వెలుగుతుంది. లేకపోతే పచ్చగా ఉంటుంది. చేతికి కట్టుకునేది చేస్తే ఆడవాళ్ళు పనిలో తీసి గూట్లో పెట్టేస్తున్నారని, ముక్కుకైతే తీయరని డాక్టరమ్మ ఆలోచన. ఆవిడ చాలా చదువుకుంది.

మొదటిరోజే రాయి ఎర్రబడింది. రూతమ్మ పప్పు మీద.

“చూశారా!” అంది సలోమి. గెలిచిన మొహం అది.

డాక్టరమ్మ వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ పుడకకి వాసన చూపించింది. కందిపప్పు పచ్చ. కారం పచ్చ. ఇంగువ ఎరుపు.

“ఇంగువలో గోధుమెందుకండీ?” అంది రూతమ్మ నోరు తెరిచి.

“ఉత్త ఇంగువ ఘాటు భరించలేం కదమ్మా. అందుకని పిండి కలిపి అమ్ముతారు. అన్నిట్లో కాదు, చాలావాటిలో.”

రూతమ్మ డబ్బాని పెరట్లోకి విసిరేసింది. తర్వాత బియ్యప్పిండి ఎరుపు వచ్చింది. పిండిమరలో ముందు ఎవరు గోధుమలు పట్టిస్తే, వాళ్ళ పిండి కొంచెం మన పిండిలోకి వస్తుంది. మొదటి గుప్పెడు మరకే వదిలెయ్యడం ఆనవాయితీ, కానీ ఉప్పుమెరకలో గుప్పెడు పిండి వదిలేంత ధర్మాత్ములు ఎవరు? రూతమ్మ అటక మీంచి అత్తగారి తిరగలి దింపింది. అక్కకి వేరే గరిటె, వేరే అట్లకాడ, వేరే పెనం పెట్టింది. ఇక ఇంట్లో రాయి ఎరుపెక్కిన పాపాన పోలేదు.

జబ్బు మాత్రం తగ్గలేదు. వారమంతా కాస్త తేరుకునేది, సోమవారం వచ్చేసరికి మళ్ళీ కడుపుబ్బరం, మెలికలు, నోట్లో పూత. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి గొంతు తగ్గించింది.

“ఇలాగే సాగితే పేగు ఇక కోలుకోదండి. ఆసుపత్రిలో ఉంచి నరంలోంచి తిండి ఎక్కించాల్సి వస్తుంది.”

సలోమి ఆలోచించింది. సోమవారం జబ్బు చేస్తోందంటే ఆదివారం తిన్నదే కారణం. ఆదివారం ఆ ఇంట్లో కోడికూర. కూర వండేది రూతమ్మ.

“కూర దగ్గర రాయి పచ్చగానే ఉంది కదండీ” అంది డాక్టరమ్మ.

“అది యంత్రాన్ని కూడా మచ్చిక చేసుకుంటుందండి, మీకు తెలీదు. దొంగతనం కేసులో వాళ్ళ పుట్టింటికి పోలీసుకుక్క వస్తే, దానికి ముల్లు తీసిన చేప పెట్టి పంపించారు.”

ఈ మాట గోడలు దాటింది. మర్నాటికి చెరువుగట్టున ఆడవాళ్ళు రూతమ్మ పలకరిస్తే “ఆయ్” అని జరిగిపోవడం మొదలెట్టారు. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఒకావిడ తన బిందె మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రూతమ్మ ఇంటికొచ్చి సలోమి ఎదురుగా నిలబడింది.

“నేను విషం పెడుతున్నానా అక్కా?”

“విషం అన్నానా? గోధుమ అన్నాను.”

“నీకు రెండూ ఒకటే కదా.”

“మరి తెలిసే పెడుతున్నావన్నమాట!”

“బావగారూ, మీరైనా చెప్పండి.”

దావీదు గొంతు సవరించుకుని, ఆఖరున మాట్లాడింది రూతమ్మే కాబట్టి, “పాపం, చిన్నమ్మాయి పెట్టదే” అన్నాడు.

“అయితే నేను అబద్ధాలకోరునా?” అంది సలోమి.

“అదీ నిజమే” అన్నాడు దావీదు.

పొయ్యి వేరు చెయ్యాల్సిందేనని సలోమి పట్టుబట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దల ముందు తేల్చుకోవాలని నిర్ణయమైంది. అన్నదమ్ములు పొయ్యిలు వేరుచేసుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కానీ ఈ లెక్కన వేరైతే రూతమ్మ ఆ ఊళ్ళో బతికినన్నాళ్ళూ తిండిలో కలిపిన మనిషే. ఎవరి పెళ్ళిలోనూ గరిటె పట్టుకోనివ్వరు.

ఆవిడ పంచాయతీ ఆఫీసు మెట్లెక్కింది.

“డాక్టరమ్మగారూ, ఒక్క ఆదివారం అక్క ఆ పుడక తీయకుండా చూడండి.”

“తీయడమేంటి? నిద్రలో కూడా ఉంచుకోమన్నానే!”

అప్పుడు తెలిసింది డాక్టరమ్మకి. ఆ సంఘంలో ఆడవాళ్ళు నగ పెట్టుకుని ఆరాధనలో కూర్చోరు. మందిరం గుమ్మం దగ్గరే చెవులకీ ముక్కుకీ ఉన్నవి తీసి చేతిరుమాల్లో మూట కట్టుకుంటారు. సలోమి ఈ నియమం తప్పిన మనిషి కాదు. ఇంటికెళ్ళి మొహం, చేతులు శుభ్రంగా కడుక్కున్నాకే పుడక మళ్ళీ పెట్టుకునేది.

“పుడక తీసినప్పుడే ఏదో తింటోందండి” అంది రూతమ్మ. “మందిరం పక్కనే గోధుమ బజ్జీల బండి ఉంది. నా అనుమానం అదీ.”

అనుమానం ఆ ఇంట్లో ఒకరి సొత్తేం కాదు.

డాక్టరమ్మ పాస్టరు యోనాగారి దగ్గరికి వెళ్ళింది. యోనా అయ్యగారు ఏ విషయమైనా మూడు భాగాలు చేసి చెప్తారు, మూడో భాగానికి వినేవాళ్ళు నిద్రపోతారు. ఈసారి మాత్రం ఒక్క భాగంతోనే సరిపెట్టారు. “మందు ఆభరణం కాదమ్మా. ఉంచుకోమనండి.”

ఆదివారం మందిరం నిండిపోయింది. ప్రసంగం యోనా అయ్యగారిది, చూపులన్నీ సలోమి ముక్కు మీద. బజ్జీల బండి దాటి వచ్చినప్పుడు ఆవిడ అటు తిరిగి కూడా చూడలేదని, రాయి పచ్చగానే ఉందని ముందువరస నుంచి వెనకవరస దాకా కబురు పాకింది. రూతమ్మ మొహం వాడిపోయింది. వెనక బల్ల మీద డాక్టరమ్మ మెడ సాచి కూర్చుంది.

ప్రసంగం అయ్యాక ప్రభు భోజనం. ప్రతి ఆదివారంలాగే అయ్యగారు రొట్టె విరిచారు. పళ్ళెం ఆడవాళ్ళ వరసలోకి వచ్చింది. సలోమి భక్తిగా ఒక ముక్క తీసుకుని నోటిదాకా తెచ్చింది.

రాయి ఎర్రబడింది. మెల్లగా కాదు, లారీ బ్రేకులైటులాగా. ఆ వెలుగు ఆవిడ వేళ్ళ మీద, రొట్టె ముక్క మీద పడింది. పాట ఆగిపోయింది. తబలా కొట్టేవాడు మాత్రం చూడక ఇంకాసేపు కొట్టాడు.

సలోమి ఆ ముక్కని పట్టుకునే లేచి నిలబడింది. తర్వాత పాస్టరు గారి భార్య వైపు తిరిగింది.

“అమ్మగారూ, ఈ రొట్టె చేసేటప్పుడు రూతు మీ ఇంటికొచ్చిందా?”

“లేదమ్మా. ఎప్పుడూ నేనే చేస్తాను కదా, గోధుమపిండితో.”

“పిండి తెచ్చిచ్చిందా?”

“లేదమ్మా.”

“పోనీ, నీళ్ళయినా?”

“లేదు సలోమీ.”

ఆవిడ ముక్కని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

బయటికొచ్చాక డాక్టరమ్మ తల పట్టుకుంది. “నోట్లోకి వెళ్ళేవన్నీ చెప్పమన్నాను కదండీ! పళ్ళపొడితో సహా చెప్పారు, ఇది చెప్పలేదేం?”

“తినేవి చెప్పమన్నారు, చెప్పాను” అంది సలోమి. “ఇది తిండా?”

డాక్టరమ్మ తన పట్టికలో పళ్ళపొడి కింద ఇంకో గీత గీసుకుంది.

పెద్దలు చెట్టుకింద కుర్చీలు వేసుకుని ఎదురుచూస్తున్నారు. పొయ్యి పంచాయితీ ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. రూతమ్మ ఏదో ఒకటి అంటుందని ఊరంతా చెవులు రిక్కించింది. అనడానికి ఆవిడకి హక్కు కూడా ఉంది.

“కూర చల్లారిపోతుంది, పద అక్కా” అంది రూతమ్మ.

దానికంటే నాలుగు తిట్టినా బాగుండేదని సలోమికి దారంతా అనిపించింది.

తర్వాత జరిగిందంతా చకచకా జరిగింది. ఇకనుంచి బియ్యప్పిండితో రొట్టె చేద్దామన్నారు అమ్మగారు. సంఘపెద్దల్లో సగంమంది బియ్యప్పిండిది రొట్టె కాదు, అట్టు అన్నారు. మిగతా సగం, మన తాతలు బతికింది బియ్యం మీదే, గోధుమ నిన్నగాక మొన్న వచ్చింది అన్నారు. ఉప్పుమెరకలో ఒక మాట తేలకపోతే ఇంకో మైకుసెట్టు కొంటారు. కాలవకి ఇవతల గోధుమ సంఘం, అవతల బియ్యం సంఘం అయ్యాయి. యోనా అయ్యగారు అవతలికి వెళ్ళారు. ఊరు మొత్తం మీద యంత్రం ఒప్పుకున్న వంటిల్లు ఒక్కటే కాబట్టి, బియ్యం సంఘం రొట్టె చేసే పని రూతమ్మకి అప్పగించారు.

సలోమి పేగు మానింది. రక్తం పెరిగింది. మెట్లెక్కుతోంది, గట్టిగా పోట్లాడుతోంది. పొయ్యి ఒక్కటే ఉంది. డాక్టరమ్మ తన యంత్రం విజయవంతమైందని రిపోర్టు రాసుకుని విశాఖపట్నం వెళ్ళిపోయింది.

బియ్యం సంఘంలో ఒక నియమం గట్టిగా పాటిస్తారు. ఎవరినైనా నొప్పించి ఉంటే, వాళ్ళని క్షమాపణ అడిగాకే రొట్టె తీసుకోవాలి. ఆ సంఘం మొదటి ఆరాధనకి ముందురోజు, శనివారం, దావీదు ఈ సంగతి భార్యకి మెల్లగా గుర్తుచేశాడు. సలోమి దీపం ఆర్పి అటు తిరిగి పడుకుంది. తెల్లారి చీర మార్చుకుని కాలవ ఇవతలే ఆగి, గోధుమ సంఘంలో ఆఖరి బల్ల మీద కూర్చుంది.

ఇప్పటికీ అక్కడే కూర్చుంటోంది. పళ్ళెం వస్తే రాయి ఎర్రబడుతుంది, పక్కావిడకి అందిస్తుంది. చిన్న గ్లాసులో ద్రాక్షరసం మాత్రం తాగి ఇంటికొచ్చి రూతమ్మ వండిన కూర తింటుంది. అవతల రూతమ్మ రొట్టెని, అది ఎవరి కోసం మొదలైందో ఆవిడ తప్ప, అందరూ తింటున్నారు.