మౌంట్ చేసేరా అండీ?

రేపు పొద్దున్నకల్లా రెండొందల పన్నెండు మంది నర్సింగ్ విద్యార్థినుల హాల్ టికెట్లు అచ్చవ్వాలి. అమలాపురంలోని ఆ కాలేజీ కంప్యూటర్ డిస్కేమో నిన్న పాడై కూర్చుంది.

కాకినాడ నుంచి కొత్త డిస్కు తెచ్చిన ఇంజనీరు సత్యానందం, రావడం రావడమే ఆపరేటర్ రత్నమాల మీద విరుచుకుపడ్డాడు.

"బ్యాకప్ టేపులు సరిగ్గా తీసేరా, పేర్లు రాసి ఊరుకున్నారా అండీ?"

"ఆయ్, ఖాళీ టేపులకి పేర్లు పెట్టుకోవడం నాకో సరదా అండీ!"

అతను నవ్వలేదు. ఆమెకు ఒళ్లు మండింది. ఆరు నెలలుగా నెలకోసారి వస్తున్నాడు. అతనొచ్చే రోజున ఆమె జడ రెండుసార్లు వేసుకుంటుందని అతనికేం తెలుసు?

డిస్కు మీద ఆరు ఫైల్ సిస్టమ్‌లు, అంటే ఆరు అరలు; ఒక్కోదానికి ఒక్కో టేపు. అతను కమాండ్లు కొడుతుంటే టేపు గుర్రుమని తిరుగుతోంది. బయట వాన. కరెంటు పోతే మళ్లీ మొదటికే. రత్నమాల కూర్చోలేక, నిలబడలేక గదంతా తిరుగుతోంది.

అయిదు సాఫీగా వచ్చాయి. ఆఖరిది విద్యార్థినులది. సగంలో తెర మీద 'చోటు లేదు' అని పడింది.

"కొత్త డిస్కులో చోటు లేకపోవడమేంటి?" అన్నాడు సత్యానందం.

"మౌంట్ చేసేరా అండీ?"

"ఏంటి?"

"ఆరోదాన్ని మెషీన్‌కి జతచెయ్యకుండానే టేపు ఎక్కించేసేరు. అదంతా మొదటి అరలోకి పోయి, అది నిండిపోయింది."

అతను తల పట్టుకున్నాడు. "నా బుర్ర ఇవాళ ఇక్కడ లేదండీ."

"లేవండి."

తప్పుచోట పడ్డవి చెరిపి, మౌంట్ చేసి, టేపు వెనక్కి తిప్పి కమాండ్ కొట్టింది. పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఒక్కరూ తగ్గలేదు. ప్రింటర్ గడగడా కదిలింది.

"పొద్దున్న అలా అనకుండా ఉండాల్సింది," అన్నాడు సత్యానందం. "నన్ను విశాఖపట్నం మార్చేసేరు. సోమవారం చేరాలి. మిమ్మల్ని మళ్లీ చూడనేమోనని... ఎవరి మీద అరుస్తున్నానో నాకే తెలీలేదు. అసలు ఈ మెషీన్‌కి మూడు నెలలకోసారి వస్తే చాలండీ."

రత్నమాల అచ్చయిన కాగితాలు బల్ల మీద పెట్టింది.

"అయిదింటికి మా నాన్నగారు అబ్రహాము మాష్టారు నన్ను తీసికెళ్లడానికి వస్తారు. ఆయనకి చెప్పండి."

"ఏమని చెప్పనండీ?"

"అదీ నేనే కొట్టాలా?"

గేటు దగ్గర గొడుగు కనబడగానే అతను వానలోకి నడిచాడు. రత్నమాల కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అతను తడుస్తూ, చేతులు కట్టుకుని ఏదో చెబుతున్నాడు. మాష్టారు ఓసారి అతన్ని, ఓసారి కిటికీలో ఉన్న కూతుర్ని చూశారు.

తరవాత మెల్లగా గొడుగు అతని మీదికి జరిపారు.