తల అరువిచ్చిన అబ్బాయి

“ఏమండీ, మీ తల ఒక్కసారి ఇస్తారా?”

ఆసుపత్రి వరండాలో, ఫైలు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా ఒకమ్మాయి, చేతిలో బ్యాండేజ్ చుట్ట.

“ఇస్తే తిరిగిస్తారా?”

“ఐదు నిమిషాల్లో! నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చానండీ. లోపల తలకట్టు కట్టమంటారట. పొద్దున్నుంచీ చేతులు ఒకటే వణుకు. ఇన్నాళ్ళూ మా అమ్మ తల మీదే నేర్చుకున్నా. అదేమో ఇంట్లో ఉండిపోయింది.”

వణకవూ మరి! ఏడో తరగతితో చదువు మానేసిన ఆ తల్లి, కూతురి పుస్తకాల్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల మాత్రం ఇచ్చేది. కట్టుతోనే వంట, కట్టుతోనే పక్కింటికి పోవడం. ఏమైందని ఎవరన్నా కంగారు పడితే, “ఏం లేదు, మా అమ్మాయి పాసవుతోంది” అనేది. ఈ ఉద్యోగం వస్తేనే ఆ కట్లకి ఫలితం.

ఆ ముచ్చటంతా అమ్మాయి గడగడా చెప్పేసింది. అబ్బాయి నవ్వాడు. “నేనూ ఆ ఇంటర్వ్యూకే వచ్చానండీ. రెండో నంబర్. వచ్చింది మనిద్దరమే, ఉన్న ఉద్యోగం ఒకటే. అంటే శత్రువుకి తల అప్పగిస్తున్నానన్నమాట.”

“భయమా?”

“అబ్బే, తల వంచడం అలవాటే. ఇంట్లో ముగ్గురు అక్కలు.”

వంచాడు. తల మీద చెయ్యి పడగానే వణుకు ఎటుపోయిందో పోయింది. నుదుటి చుట్టూ ఒక వరస, చెవుల పైనుంచి ఇంకో వరస. ఇంతలో అతను కళ్ళెత్తి చూశాడు. వరస కాస్తా తప్పింది.

“కళ్ళు మూసుకోండి.”

“కట్టు తలకా, కళ్ళకా?”

“కళ్ళకే కట్టాల్సింది!”

చివరి క్లిప్పు పెట్టిందో లేదో తలుపు తెరుచుకుంది. “ఒకటో నంబర్!” అంటూ అటెండర్ కేకేశాడు. అమ్మాయి కట్టు విప్పే సంగతే మరిచి లోపలికి పరిగెత్తింది.

లోపల బొమ్మ తలకి కట్టిన కట్టు చూసి మేట్రన్ తల ఊపింది. అమ్మాయి గాల్లో తేలుతూ బయటికొచ్చింది.

బెంచీ ఖాళీ. ఫైలుంది, మనిషి లేడు.

“రెండో నంబర్! రెండో నంబర్!” అటెండర్ రెండుసార్లు పిలిచి ఇటు తిరిగాడు. “మూడోసారికీ రాకపోతే ఇంక పిలవొద్దన్నారు. నీ పంట పండిందమ్మా!”

నిజమే. నోరు మూసుకుని కూర్చుంటే ఉద్యోగం ఒళ్ళోకి వచ్చి పడుతుంది. పర్సులో ఫోను మోగుతోంది, అమ్మే. ఏం చెప్పాలి? వచ్చింది అనా, ఎలా వచ్చింది అనా? ఫోను ఎత్తలేదు. తలుపు తోసుకుని మళ్ళీ లోపలికే పోయింది.

“మేడమ్, రెండో నంబర్ని నేను పోగొట్టాను.”

“పోగొట్టడానికి అతనేమన్నా గొడుగా?”

“తలకి కట్టు కట్టి వదిలేశాను మేడమ్. ఎవరో నిజం పేషంటనుకుని తీసుకుపోయుంటారు. వెతికి తెస్తాను, దయచేసి ఆగండి!”

కాలు కాలిన పిల్లిలా వార్డులన్నీ తిరిగితే, ఎక్స్‌రే గది ముందు వరసలో దొరికాడు. వీల్‌చైర్లో, నడుముకి బెల్టుతో. వెనక ఆయా.

“ఆయమ్మా, ఆయనకేం కాలేదు!”

“ఈయనా అదే పాట. తలకి దెబ్బ తగిలినోళ్ళంతా ఏం కాలేదనే అంటారు.”

“నర్సునని కూడా చెప్పాను” అన్నాడతను దీనంగా.

“నిన్నొకాయన డాక్టర్నన్నాడు నాయనా!”

బతిమాలే తీరిక లేదు. అమ్మాయి వీల్‌చైర్ లాక్కుని వరండా పొడుగునా తోసింది, వెనక ఆయా కేకలు. గది ముందు మేట్రన్ నడుం మీద చేతులేసుకుని నిలబడింది. కట్టు తడిమి చూసింది.

“కట్టు బాగుంది. పేషంట్ పేరేంటి?”

అమ్మాయి గభాల్న అతని వైపు తిరిగింది. పేరు అడగనే లేదు!

“పేరడక్కుండా చెయ్యేస్తే ఇదిగో, ఇలా ఎక్స్‌రేలో తేలతారు. నువ్వు రా బాబూ, ఆ తలతోనే రా.”

కాసేపటికి ఇద్దర్నీ పిలిచింది. “ఒకటో నంబర్, సోమవారం నుంచి డ్యూటీ. వార్డులో తప్పు జరిగితే దాచేవాళ్ళతోనే నాకు భయం. నువ్వు దాచలేదు. రెండో నంబర్, వచ్చే నెల పిల్లల వార్డులో ఖాళీ వస్తుంది, మళ్ళీ రా. ఈసారి తల ఎవరికీ ఇవ్వకు.”

బయట వాన. పోర్టికోలో అమ్మాయి కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. “నా వల్లే మీకు...”

“మీరు రాకపోతే ఈపాటికి నా పుర్రె ఫోటో తీసేసేవాళ్ళు” అన్నాడు. “కట్టు మాత్రం ఇప్పుడే విప్పను.”

“ఇలాగే వెళ్తారా! దారిలో ఎవరన్నా అడిగితే?”

“ఏం లేదు, మా అమ్మాయి పాసయింది అంటాను.”

ఆ ‘మా’ దగ్గర అమ్మాయి బుగ్గలు కందిపోయాయి. ఆదుకున్నట్టు ఫోను మోగింది.

“అమ్మా, వచ్చేసిందే!”

అవతల ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. అది విని ఇవతల అబ్బాయీ పైకే నవ్వేశాడు. కాసేపటికి తేరుకుని, “పక్కన ఆ నవ్వు ఎవరిదే?” అంది తల్లి.

“పేషంటమ్మా.”

“పేరు?”

అమ్మాయి నాలుక కరుచుకుంది. గొంతు సవరించుకుని, అచ్చం డ్యూటీలో ఉన్న నర్సులా అతని వైపు తిరిగింది. “మీ పేరు చెప్పండి.”

దగ్గరికొచ్చి, వానకి కూడా వినబడనంత మెల్లగా చెప్పాడు.

ఫోనులోంచి అమ్మ మాత్రం ఊరంతా వినబడేలా అంది. “ఇల్లెక్కడో కూడా కనుక్కోవే!”